పాతరేవు ఏటి చేప

నందిగామ
సెప్టెంబరు 8

తమ్ముడు బసవయ్యా,

నేను క్షేమం. నువ్వు క్షేమమో కాదో నీ చేపల పెట్టె చూసి అనుకుంటున్నాను. మనిద్దరం ఫోనులో మాట్లాడితే మూడో మాటకు తగాదా, నాలుగో మాటకు ఎవరో ఒకరు పెట్టెయ్యడం. బజారు గోలలో నాకు సగమే వినపడుతుంది, ఆ సగానికే కోపం వస్తుంది. ఆటో నిసార్ ఈ అవస్థ చూసి ఒక మాట అన్నాడు. "జగ్గయ్యపేట నుంచి మీ తమ్ముడి పెట్టె రోజూ నేనే తెస్తున్నా, ఖాళీ పెట్టె నేనే తీసుకెళ్తున్నా. అందులో ఒక చీటీ పడేస్తే నాకేం బరువక్కా?" అన్నాడు. బాగానే ఉందనిపించింది. ఎనిమిదో తరగతి దాకా చదివిన చదువు పలక మీద చేపల ధరలు రాయడానికే అయిపోతోంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి మూతకు లోపలివైపు అంటిస్తున్నాను. తడవకుండా తీసుకో.

అసలు విషయం. కిందటి నెల ఫోనులో సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరతానన్నావు. అప్పుడు నేను తిట్టిన తిట్లు నీకు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు తిట్టకుండా అదే మాట రాస్తున్నాను. మన ఇంట్లో మగవాళ్ళు వల కాశారు, ఏరు కాశారు. ఒకడి గేటు ఎవరూ కాయలేదు.

కష్టం నాకు తెలియనిది కాదు. కైకలూరు వైపు చెరువుల నుంచి లారీ వస్తుంది, మన ధరలో సగానికి చేపను దిమ్మరించి పోతుంది. అందులో ఫంగస్ అని ఒక చేప. ఆ పేరు వింటే మందు రాసుకోవాలనిపిస్తుంది. ముల్లు లేదని జనం దాన్నే కొనుక్కుపోతున్నారు. నీతో ఆ గుండ్రటి పుట్టి పడవ ఎక్కి తెడ్డు వేసే సతీష్‌బాబు హైదరాబాదుకు ప్లంబరు పనికి పోయాడని కూడా విన్నాను. అయినా సరే, "రత్తమ్మ దగ్గర కొంటే ఏటి చేప" అని నందిగామలో ఒక మాట ఉంది. మీ బావ పోయాక నాకు మిగిలింది ఆ మాటే. నువ్వు ఏరు వదిలితే నేను కూడా ఆ లారీ వెనక నిలబడాలి.

ఏట్లోకి వెళ్తున్నావా లేదా? సూటిగా రాయి.

అక్క
రత్తమ్మ

*

పాతరేవు, జగ్గయ్యపేట మండలం
సెప్టెంబరు 11

అక్కా,

సూటిగానే రాస్తున్నాను. మన పుట్టి రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్ళలోకి దిగుతోంది. సాయంత్రం వేసిన వల పొద్దున తీయడం జరుగుతోంది. నీకు వచ్చే ప్రతి చేపా కృష్ణలోదే, చెరువుది ఒక్కటీ లేదు. ఇందులో ఒక్క మాట అబద్ధమైతే ఆ ఏరే నన్ను ముంచుగాక.

ప్రమీల బాగుంది. నిన్ను అడిగినట్టు రాయమంది. ఈ మధ్య తనకు పని ఎక్కువైంది.

ఫోను కంటే ఇదే నయంగా ఉంది. నువ్వు తిడుతుంటే మధ్యలో మడిచి పెట్టి, అన్నం తిని, మళ్ళీ చదువుకోవచ్చు.

నీ తమ్ముడు
బసవయ్య

*

నందిగామ
అక్టోబరు 4

తమ్ముడూ,

నిన్నటి పెట్టె తెరిచి కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. అడుగున పెద్దవి, పైన చిన్నవి, వరసకూ వరసకూ మధ్య ఐసు, అన్నిటి మీదా తడి గోనె. తలలన్నీ ఒకవైపు. ఇన్నేళ్ళూ నీ పెట్టె తెరిస్తే బస్టాండులో తొక్కిసలాట చూసినట్టుండేది. నలభై నాలుగేళ్ళకు నీకు పనితనం వచ్చింది. మన బజారంతా తిప్పి చూపించాను.

వల కూడా మంచి చోట వేస్తున్నావు. మొన్నటి వాలుగ నాలుగు కిలోలు తూగింది. రిటైర్డు హెడ్మాస్టరు వరప్రసాదరావు గారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "రత్తమ్మా, దీన్ని మీ తమ్ముడు ఎక్కడ పట్టాడు, ఎట్లా పట్టాడు, కనుక్కో. తినేముందు తెలుసుకోవడం నాకలవాటు" అన్నారు. తిన్నాక కూడా రోజూ వచ్చి అడుగుతున్నారు. రాయి.

ప్రమీలకు పని ఎక్కువైందని రాశావు. ఏం పని? మైలవరంలో వాళ్ళ నాన్న టైలరు షాపులో పెరిగిన పిల్ల, సూది తప్ప బరువైంది ఎత్తి ఎరగదు. పెళ్ళయి పదిహేనేళ్ళయినా చేపను రెండు వేళ్ళతో తోక పట్టుకుని ఎత్తుతుంది, కరెంటు వైరు ఎత్తినట్టు. మన రేవులో మిగతా ఆడవాళ్ళు మొగుళ్ళతో పుట్టి ఎక్కి తెడ్డు వేస్తారు. ఈవిడ ఏటి ఒడ్డుకు రావాలన్నా చెప్పులు వెతుక్కుంటుంది. నీకు ఇంత మంచి చెయ్యి ఉండి, ఇంటో ఆసరా లేకపోయిందే అని నా బాధ.

అక్క

*

జగ్గయ్యపేట
అక్టోబరు 10

అక్కా,

వాలుగ సంగతి. రేవుకు ఎగువన రెండు బండల మధ్య నీళ్ళు సుడి తిరిగే చోటు ఒకటుంది. సాయంత్రం అక్కడ అడ్డంగా వల వేసి, పొద్దున తీస్తుంటే బరువుగా ఉంది. మొద్దు తగులుకుందేమో అనుకున్నానట. తీరా చూస్తే వాలుగ. పుట్టిలో వేసుకున్నాక తోకతో కొడితే మోచేయి వాచింది. ఇప్పుడు వాపు తగ్గింది. హెడ్మాస్టరు గారికి ఈ మాత్రం చాలనుకుంటాను.

ప్రమీల గురించి నువ్వు రాసింది చదివాను. అంత మాట అనకక్కా. మనిషిలో మనకు కనపడనివి ఉంటాయి.

నా ఆరోగ్యం బాగుంది. కొత్త బూట్లు మడమ కొరుకుతున్నాయి, అంతే.

బసవయ్య

*

నందిగామ
నవంబరు 3

బసవయ్యా,

కార్తీక మాసం. నందిగామలో సగం మంది చేప ముట్టరు, మిగతా సగం లారీ దగ్గర ఉంటారు. తీరిగ్గా ఉన్నాను కాబట్టి నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను.

ఉత్తరం పైన జగ్గయ్యపేట అని వేశావు. ఏరు పేటలోకి ఎప్పుడొచ్చింది? కాగితం వెనక "లారీ నంబరు, లోపలికి, బయటికి, సంతకం" అని అచ్చు గళ్ళున్నాయి. ఏట్లోకి లారీలు వస్తున్నాయా? బూట్లు కొరుకుతున్నాయన్నావు. పుట్టిలో బూట్లు వేసుకునే జాలరిని నేను చూడలేదు. అన్నిటికంటే, నువ్వు చేసిన పనికి నువ్వే "అనుకున్నానట" అని రాశావు. మనిషి తన సంగతి తానే ఎవరి ద్వారానో విన్నట్టు రాయడం ఇదే చూడటం.

నాకు అర్థమైంది. పేటలో ఎవడో చేపల షావుకారు నీకు తగిలాడు. మంచి చేప వాడికి చాటుగా పోస్తున్నావు. వాడిచ్చిన బూట్లు, వాడిచ్చిన కాగితం. తప్పు, తమ్ముడూ. ఇక్కడ నీ గురించి నేను ఎంత గొప్పగా చెబుతున్నానో నిసార్‌ను అడుగు.

అక్క

*

పాతరేవు
నవంబరు 6

అక్కా,

షావుకారు ఎవరూ లేరు. కాగితం స్నేహితుడిచ్చాడు. బూట్లు కూడా వాళ్ళే ఇచ్చారు. ఒక్క చేప కూడా వేరేవాళ్ళకు పోవడం లేదు, ఒట్టు. "అనుకున్నానట" అన్నది చేతి పొరపాటు.

బసవయ్య

*

నందిగామ
నవంబరు 25

తమ్ముడూ,

నీ బూట్లు పక్కన పెట్టి ఇది చదువు. మంచి వార్త.

హైవే మీద కీసర దగ్గర భారతీదేవి గారని ఒకావిడ భోజన హోటలు నడుపుతోంది. రోజూ ఏటి చేపతో పులుసు పెట్టాలని ఆవిడ కోరిక. ఇప్పటికి ముగ్గురు ఏటి చేప అని చెప్పి చెరువు చేప అంటగట్టారట. నా దగ్గర కొన్నది వండి చూసుకుని వచ్చింది. "రుచి అదేనండి, ఒప్పుకుంటా. కానీ నాలుగోసారి మోసపోయే ఓపిక నాకు లేదు. వల నీళ్ళలోంచి లేస్తుంటే నా కళ్ళతో చూడాలి. చూశాక రోజూ ఎంతొస్తే అంతా నేనే తీసుకుంటా" అంది.

ఇది కుదిరితే లారీ ధర ఎంత పడినా మనకు దిగులు లేదు. కుదరకపోతే సంక్రాంతి దాటాక కొట్టు ఉంచాలో తీసెయ్యాలో ఆలోచించుకోవాలి. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు ఆ పలక మీద ధర రాస్తాను, పది గంటలకు చెరిపి తగ్గిస్తాను, పన్నెండుకు మళ్ళీ చెరుపుతాను. పలక అరిగిపోతోంది.

ఆవిడ వచ్చే ఆదివారం తెల్లవారి ఐదున్నరకు పాతరేవుకు వస్తుంది. ఆదివారం కొట్టు వదలలేను గనక నేను రాను. నువ్వు వల తీసి చూపించు. పాత పద్ధతిలో కాస్త నిబ్బరంగా.

అక్క

*

పాతరేవు
నవంబరు 27

అక్కా,

ఆదివారం కుదరదు. గాలి ఎక్కువగా ఉంటుందంటున్నారు. పుట్టికి తారు పూయాలి. నా మోచేయి వాచింది. ఆవిడను బుధవారం రమ్మను, బుధవారం నాకు ఆఫు.

బసవయ్య

*

నందిగామ
నవంబరు 28

మోచేయి వాపు తగ్గిందని అక్టోబరులోనే రాశావు. ఏటికి ఆఫు ఏమిటి? ఆదివారం.

అక్క

*

పాతరేవు
నవంబరు 30

అక్కా,

భారతీదేవి గారు వచ్చి వెళ్ళారు. మర్యాదలన్నీ చేశాం. వల తీయడం ఆవిడ చూశారు, చేపలు చూశారు, ఆనందించారు. చాలాసేపు ఆనందించారు. నేను కొంచెం తడిశాను.

బసవయ్య

*

నందిగామ
డిసెంబరు 2

శ్రీ బసవయ్య గారికి,
సెక్యూరిటీ గార్డు, జగ్గయ్యపేట.

అయ్యా,

భారతీదేవి గారు ఈ ఉదయం కొట్టుకు వచ్చి, బల్ల మీద కూర్చుని, టీ తెప్పించుకుని, జరిగింది మొత్తం చెప్పారు. మధ్యలో నవ్వు ఆపుకోలేక రెండుసార్లు టీ గ్లాసు కింద పెట్టారు. ఆవిడ మాటలే రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి.

"మీ తమ్ముడు పుట్టెక్కారండి. ఎక్కేటప్పుడే అది ఒకటికి నాలుగుసార్లు గుండ్రంగా తిరిగింది. వల ఎక్కడుందో తెలియడానికి నీళ్ళ మీద బెండ్లు కడతారంట కదా. ఆయన తన బెండు కోసం ఏరంతా వెతికారు. సొంతిల్లు మరిచిపోయినోళ్ళు వీధిలో తిరుగుతారే, అట్లా. చివరికి ఒక బెండు పట్టుకుని వల లాగడం మొదలెట్టారు. ఒడ్డు మీంచి ఎవరో ముసలాయన, 'ఒరే బసవయ్యా, అది నా వలరా' అని అరిచాడు. మీ తమ్ముడు జవాబు చెబుదామని నిలబడ్డారు. పుట్టిలో నిలబడకూడదంట కదండి?"

"నిలబడకూడదు" అన్నాను.

"ఆయనకది మీరు చెప్పాల్సింది. ఏట్లో పడ్డారు. నా పక్కన ఒకమ్మాయి చీర బిగించి నిలబడి ఉంది. పనిమనిషేమో అనుకున్నా. ఇంకో పుట్టి తీసుకుని వెళ్ళి, చొక్కా కాలరు పట్టుకుని ఆయన్ను లోపలేసుకుంది. అట్నుంచటే వెళ్ళి అసలు వల తీసింది. ఎంత ఒడుపుగా తీసిందంటే, నేను ఫోనులో వీడియో పట్టుకున్నా. చేపల మధ్య మీ తమ్ముడు కూర్చుని వచ్చారు. 'రోజూ వల తీసేది నువ్వేనా అమ్మా' అనడిగా. ఆ అమ్మాయి వల దులుపుతూ మీ తమ్ముడి వైపు చూసింది. మీ తమ్ముడు, 'మూడు నెలల నుంచి ఆవిడేనండి, నాకు ఫ్యాక్టరీలో డ్యూటీ' అన్నారు. పాపం, పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆ చలిలో అబద్ధం చెప్పడం కష్టమండి."

వీడియో నేనూ చూశాను. వరప్రసాదరావు గారూ చూశారు. తర్వాత నందిగామ చేపల బజారు మొత్తం చూసింది.

పుట్టి నీళ్ళలోకి దిగుతోందని రాశారు, ఎవరు దిగుతున్నారో రాయలేదు. చేపలు ఏటివే అని రాశారు, పట్టిందెవరో రాయలేదు. అబద్ధమైతే ఏరు ముంచుగాక అన్నారు. ఏటికి వ్యాకరణంతో పనిలేదు, మిమ్మల్ని ముంచింది.

ఈ మూడు నెలలూ మా తమ్ముడు, మా తమ్ముడు అని ఈ బజారులో నేను చెప్పుకున్న మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు? గేటు కాసే మనిషికి నేను చెప్పేదేమీ లేదు.

ఇట్లు
రత్తమ్మ, చేపల వ్యాపారి

*

పాతరేవు
డిసెంబరు 5

వదినగారికి నమస్కారాలు.

మీ తమ్ముడు మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు, ఉత్తరం రాయమంటే గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. అందుకని నేను రాస్తున్నాను.

మీ ఉత్తరాలు ఆయన నాకు పైకి చదివి వినిపిస్తారు. నా పేరు వచ్చినచోట దగ్గుతారు. అక్టోబరు నుంచి ఆ దగ్గు బాగా ఎక్కువైంది. ఆయన డ్యూటీకి వెళ్ళాక తీసి చదువుకున్నాను కాబట్టి, కరెంటు వైరు సంగతి, చెప్పుల సంగతి నాకు తెలుసు. అబద్ధమేమీ రాయలేదు మీరు. అప్పుడు అలాగే ఉండేదాన్ని.

జరిగింది చెబుతాను. సతీష్‌బాబు వెళ్ళిపోయాక ఆయన ఒక్కరే వెళ్ళేవారు. పది రోజుల్లో ఆరు రోజులు వల ఖాళీగా వచ్చేది. వచ్చినరోజు లారీ ధర చూసి దిగాలు పడేవారు. ఏరంటే ఆయనకు విసుగు పుట్టింది వదినగారూ. భయం కాదు, బద్ధకం కాదు, విసుగు. ఒకరోజు వల తీయకుండానే వెనక్కి వచ్చేశారు. "ఏముంటుందిలే" అన్నారు. ఏముందో చూద్దామని మర్నాడు నేను కూడా ఎక్కాను. నాకు కొత్త కాబట్టి విసుగు లేదు.

మొదటి నెలంతా పుట్టి తిరిగినప్పుడల్లా వాంతులు. మిషను తొక్కేటప్పుడు చక్రం వైపు చూడకూడదు, గుడ్డ వైపు చూడాలి అని మా నాన్న చెప్పేవారు. నీళ్ళ వైపు చూడటం మాని ఎదుటి గట్టు వైపు చూడటం మొదలుపెట్టాను, వాంతులు ఆగాయి. ఈత నేర్పింది ఆయనే. వల ఎక్కడ వేయాలో, గాలిని బట్టి చేప ఎటు తిరుగుతుందో అన్నీ ఆయనే చెప్పారు. చెప్పడం బాగా వచ్చు. ఆ వాలుగ తోకతో కొట్టింది నా మోచేయి.

ఫ్యాక్టరీలో చేరమన్నది నేనే. ఒకరు జీతం మీద, ఒకరు ఏటి మీద ఉంటే తప్ప ఇల్లు నిలబడదనిపించింది. మీకు చెబుదామంటే, "అక్క బజారులో నన్ను పొగుడుతోందే, ఇంకొన్నాళ్ళు పొగడనీ" అన్నారు. పాపం, ఆయన్ను పొగిడినవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ లేరు.

భారతీదేవి గారు నిన్న మళ్ళీ ఫోను చేశారు. చేపలు కావాలన్నారు. మీ కొట్టు ద్వారానే పంపుతానని చెప్పాను. పంపమంటారా? మీరు మాట్లాడనంటే, పెట్టె మీద ఒక గీత గీసి పంపండి. గీత లేకపోతే సరేనని అనుకుంటాను.

మీ మరదలు
ప్రమీలారాణి

*

నందిగామ
డిసెంబరు 9

ప్రమీలకు,

పెట్టె మీద గీత గీయలేదు. చూసే ఉంటావు.

ఆరుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాకు క్షమాపణ చెప్పడం రాదు. మీ మామగారు కూడా చెప్పేవారు కాదు, తప్పు చేస్తే ఆ రోజు ఇంటికి మంచి చేప తెచ్చేవారు. నేను నీకే చేప పంపలేను కదా. పెట్టెలో రెండు చీరలు పెట్టాను. పుట్టిలో కట్టుకోవడానికి కాదు, ఊరికే.

ఇప్పుడు నా నోటివల్ల వచ్చిన ముప్పు విను. వీడియో చూసిన రోజు బజారులో నేను అరిచిన అరుపులు మీ రేవు సొసైటీ ప్రెసిడెంటు చెవిన పడ్డాయి. ఆయన ఆ పూటే నందిగామలో పని ఉండి వచ్చాడట. "ఏట్లో వల వెయ్యడానికి కార్డు బసవయ్య పేరునుంది. బసవయ్యేమో ఫ్యాక్టరీలో ఉన్నాడు. కార్డు రద్దు చెయ్యాల్సొస్తుంది రత్తమ్మా" అని నిన్న కబురు పంపాడు. కార్డు పోతే పుట్టి ఒడ్డునే ఎండుతుంది.

నేను ఫోను చేశాను. అవతల ఆయనకు సగమే వినపడింది, ఆ సగం చాలు. "కార్డు బసవయ్యకు తీసెయ్, ప్రమీలకు ఇవ్వు" అన్నాను. "ఆడాళ్ళకా?" అన్నాడు. "చేపల్ని అడుగు, ఎవరు పట్టారో అవే చెబుతాయి" అన్నాను. చివరకు దారికొచ్చాడు. మత్స్యశాఖ ఆఫీసరు ముందు పరీక్ష పెడతారట. ఈత, వల అల్లడం, విసురు వల విసరడం. మూడూ నెగ్గితే కార్డు. జనవరిలో.

మొదటి రెండూ నీకు వచ్చు. విసురు వల వచ్చా?

రత్తమ్మ

*

పాతరేవు
జనవరి 6

అక్కా,

నెల రోజులు నీకు మొహం చూపించలేక రాయలేదు. ప్రమీల నీ చీర కట్టుకుంటే ఫొటో తీసి నీకు పంపుదామన్నాను, వద్దంది. బాగుంది మాత్రం.

విసురు వల రాదు. ఈ నెలరోజులూ డ్యూటీ దిగి వచ్చాక ఇంటి ముందు నేర్పుతున్నాను. నేల మీద ముగ్గుతో గుండ్రంగా గీత గీసి, అందులో పడేటట్టు విసరమంటున్నాను. మొదటి వారం వల మూటలాగా పడేది. రెండో వారం పక్కింటి నూర్ మహమ్మద్ కోడిపెట్ట పడింది. ఆయన భార్య సైరా ఇప్పుడు మేము వల పట్టుకుంటే చాలు, కోళ్ళను లోపల పెట్టి తలుపేసుకుంటోంది. నిన్న పదిసార్లకు నాలుగుసార్లు గుండ్రంగా విప్పుకుంది.

ఒక సంగతి. నేర్పడం మొదలుపెట్టాక నాకు విసుగు పోయింది. అయినా ఉద్యోగం మానను. అక్కడ నన్ను సార్ అంటారు.

పరీక్ష రోజు సెలవు అడిగాను. ఇవ్వలేదు. నువ్వు వస్తావా?

బసవయ్య

*

నందిగామ
జనవరి 21

తమ్ముడూ,

నిన్న నీ పెళ్ళాం పరీక్ష చూసి, నువ్వు డ్యూటీ దిగేలోపే బస్సెక్కి ఇల్లు చేరాను. ఆవిడ నీకు ఏమీ చెప్పి ఉండదు. నెగ్గానని చెప్పి అన్నం వడ్డించి ఉంటుంది. అందుకని నేను రాస్తున్నాను.

ఒడ్డున నలభైమంది మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదగా ఉన్నాడు. ప్రమీల చుడీదారు మీద పాత చొక్కా వేసుకుని వచ్చింది. నీదే అనుకుంటాను, కాలరు సాగిపోయి ఉంది. ఈత అవతలి బండ దాకా వెళ్ళి రమ్మన్నారు. వెళ్ళి వచ్చింది. చినిగిన వల చేతికిచ్చి అల్లమన్నారు. కన్నం ఎక్కడుందో ఆఫీసరు మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పుడు ప్రెసిడెంటు నావైపు తిరిగి, "టైలరు బిడ్డ కదా, కుట్టింది. విసరడం చూద్దాం" అన్నాడు.

మొదటిసారి విసిరింది. మూట. నలభైమందీ నవ్వారు. ఇంకొక్కసారే అవకాశం అన్నాడు ఆఫీసరు. ఆవిడ వల లాక్కుని, నీళ్ళు పిండి, మడతలు భుజం మీద సర్దుకుంటోంది. తొందర లేదు. నేను ఉండబట్టలేక, "అమ్మాయ్, నడుం తిప్పు" అని అరిచాను. ఆవిడ వెనక్కి చూడకుండా, "మీరు కాసేపు ఊరుకోండి వదినా" అంది. నలభైమంది ముందు. నేను ఊరుకున్నాను. నన్ను ఊరుకోమని ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో.

వల ఎగిరింది. గాలిలో గుండ్రంగా విప్పుకుని, నీళ్ళ మీద ఒకేసారి అంచంతా పడింది. చప్పుడు కూడా తక్కువ. లాగితే జిలేబి చేపలు ఏడు. చిన్నవే. ఎవరూ నవ్వలేదు. "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు ఆఫీసరు. "మా ఆయనండి. ఇవాళ డ్యూటీలో ఉన్నారు" అంది. చాలా గట్టిగా అంది. ప్రెసిడెంటు సంతకం పెట్టాడు. కార్డు మీద ఫొటోలో జుట్టు తడిగా ఉంది, మార్చుకోమని చెప్పాను, వద్దంది.

భారతీదేవి గారితో సోమవారం నుంచి ఖాయం. మిగిలిన చేప కొట్టులో అమ్ముతాను. "మీ తమ్ముడి చేపేనా రత్తమ్మా" అని వరప్రసాదరావు గారు అడిగితే, "మా మరదలి చేప. కొంటారా, మానతారా" అన్నాను. కొన్నారు.

ఇక నీతో పని. పరీక్ష అయ్యాక ప్రమీల నాకు ఆ జిలేబి చేపలతో పులుసు పెట్టింది. తిన్నాను. తమ్ముడూ, ఆ అమ్మాయికి చేప పట్టడం వచ్చు, అల్లడం వచ్చు, విసరడం వచ్చు. పులుసు రాదు. పదిహేనేళ్ళు అది తిని నువ్వు నోరెత్తలేదంటే నీకూ కొంత గొప్పతనం ఉంది. ఆవిడకు ఇప్పుడు నేర్చుకునే తీరిక లేదు. నీ డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. ఆవిడ సాయంత్రం వల వేసి ఏడింటికి వస్తుంది. మధ్యలో నువ్వు చేసేది గోడకు ఆనుకుని ఫోను చూడటం. కింద రాసింది చదువుకుని చెయ్యి.

ముక్కలకు ఉప్పు, పసుపు, కారం పట్టించి అరగంట ఉంచు. చింతపండు గుప్పెడు, అంతకు మించకు. ఉల్లిపాయలు సన్నగా తరిగి నూనెలో ఎర్రబడేదాకా వేయించు, తొందరపడకు. పచ్చిమిర్చి నిలువుగా చీరు. వెల్లుల్లి, ధనియాలు, కాసిని మెంతులు వేయించి నూరి పెట్టుకో. ఆ నూరింది వేసి చింతపండు పులుసు పోసి, అది బాగా మరిగి పైన నూనె తేలాక ముక్కలు ఒక్కొక్కటే జారవిడువు. అక్కణ్ణుంచి గరిటె పెట్టకు. గిన్నెను రెండు వైపులా గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పు. తిప్పడం మాత్రం గుండ్రంగా, ఆదరాబాదరా లేకుండా.

ఆరింటికల్లా దించేసి మూత పెట్టు. ఆవిడ వచ్చేదాకా ముట్టుకోకు. చేపల పులుసు కాస్త చల్లారితేనే రుచి.

అక్క